చర్మం కబుర్లు: ఈసారి ఉత్తరాలన్నీ సన్‌స్క్రీన్ మీదే

ఎండలు ముదిరాయో లేదో నేను కిటికీలోంచి చూడక్కర్లేదు, మీ ఉత్తరాలు చూస్తే తెలిసిపోతుంది. ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా సన్‌స్క్రీన్ గురించే, అందుకే జుట్టు రాలేవాళ్ళూ చుండ్రు వాళ్ళూ ఏమీ అనుకోకుండా వచ్చే సంచిక దాకా ఆగండి. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగితే ఒకటిగా కలిపేశాను, పేర్లు ఎప్పట్లాగే వెయ్యట్లేదు.

ప్రశ్న: డాక్టర్ గారూ, ఏడాదిగా ఎస్పీఎఫ్ 50 వాడుతున్నాను. రోజూ పొద్దున ఎనిమిదింటికి రాసుకుని బయల్దేరతాను, అయినా మొహం, మెడ నల్లబడుతూనే ఉన్నాయి. వేస్ట్ కూడా చెయ్యను, 50 గ్రాముల ట్యూబ్ నాకు ఆరు నెలలు వస్తుంది. ఎస్పీఎఫ్ 100 కి మారిపోమంటారా?

జవాబు: అమ్మా, జబ్బేంటో మీ ప్రశ్నలో మీరే చెప్పేశారు, ట్యూబ్ ఆరు నెలలు వస్తుంది అన్నారు చూడండి, అదే. లెక్క వేద్దాం. ల్యాబ్‌లో ఎస్పీఎఫ్, అంటే ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే నంబర్, కొలిచేటప్పుడు చర్మం మీద ప్రతి చదరపు సెంటీమీటర్‌కి 2 మిల్లీగ్రాముల చొప్పున పూసి కొలుస్తారు, ఆ మందాన పూస్తేనే ట్యూబ్ మీద ఉన్న 50 అనే మాట నిజమవుతుంది. మొహానికీ మెడకీ కలిపి ఆ లెక్కన ఒక గ్రాము పైనే పడుతుంది, అంటే రోజుకి ఒక్కసారి పూసినా మీ ట్యూబ్ యాభై రోజుల్లోపు ఖాళీ అవ్వాలి, రెండోసారి కూడా పూస్తే నెల కూడా రాదు. ఆరు నెలలు వస్తోందంటే మీరు రోజుకి పావు గ్రాము కంటే కాస్త ఎక్కువ రాస్తున్నారన్నమాట, అవసరమైన దాంట్లో నాలుగో వంతు. మీరొక్కరే అనుకోకండి, జనం మామూలుగా పూసేది నాలుగో వంతు నుంచి సగం దాకానే అని చాలా పరిశీలనల్లో తేలింది. పూత పల్చబడితే రక్షణ కూడా పడిపోతుంది, కాబట్టి రోజూ మీ మొహం మీద ఉన్నది 50 కాదు, ఏ పదో పన్నెండో.

ఇంట్లో త్రాసు పెట్టుకుని కూర్చోలేం కాబట్టి సులువైన కొలత ఒకటుంది. చూపుడు వేలు, మధ్య వేలు పక్కపక్కన పెట్టి రెండిటి మీదా వేలు అరచేతిని కలిసే గీత దగ్గర్నుంచి కొస దాకా చారలాగా పిండుకోండి, అది మొహానికి, మెడకి. మొదటిసారి చూస్తే ఇంతా అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించింది. ఒకేసారి పులుముకుంటే జిడ్డుగా ఉందనుకుంటే ఒక వేలిది ముందు పూసి, రెండు నిమిషాలాగి రెండో వేలిది పూయండి, అంతా పట్టేస్తుంది. ఈతకో బీచ్‌కో వెళ్ళి ఒళ్ళంతా పూయాలంటే పెద్దవాళ్ళకి దాదాపు 30 మిల్లీలీటర్లు కావాలి, ఆరు టీస్పూన్లు.

ఇక 100 సంగతి. సరిగ్గా పూస్తే ఎస్పీఎఫ్ 15 ఎండలోని యూవీబీ అనే రకం కిరణాల్లో 93 శాతం దాకా ఆపుతుంది, 30 అయితే 97, 50 అయితే 98, 100 అయితే 99. చూశారుగా, 30 దాటాక నంబర్ ఎంత ఎగబాకినా లాభం ఒక్కో శాతమే పెరుగుతుంది. తక్కువ పూసే అలవాటు ఉన్నవాళ్ళకి పెద్ద నంబర్ కాస్త కాపు కాస్తుంది, అది నిజమే, కాకపోతే 100 అని రాసుంది కదా అని ఇంకా తక్కువ పూసి సాయంత్రం దాకా ఎండలో తిరిగేవాళ్ళని నేను చాలామందిని చూశా. 30 కి తగ్గకుండా, మీ చర్మానికి హాయిగా ఉండి దండిగా పూయబుద్ధయ్యేది ఏదైనా తీసుకోండి, నా ఓటు ఎప్పుడూ దానికే.

ఇంకో రెండు విషయాలున్నాయి మీ కేసులో. ఎస్పీఎఫ్ అనేది ముఖ్యంగా చర్మాన్ని ఎర్రగా కమిలించే యూవీబీకి సంబంధించిన కొలత. నల్లబడటంలో, ముడతల్లో యూవీఏ అనే ఇంకో రకం కిరణాలకి కూడా పెద్ద చెయ్యే ఉంది, దాని రక్షణ ఆ నంబర్‌లో కనపడదు. అందుకని ట్యూబ్ మీద బ్రాడ్ స్పెక్ట్రమ్ (రెండు రకాల కిరణాల్నీ ఆపుతుందని) అని గానీ, పీఏ పక్కన ప్లస్ గుర్తులు గానీ ఉన్నాయేమో చూడండి. పీఏ పద్ధతి జపాన్ వాళ్ళది, ఒక ప్లస్ నుంచి నాలుగు ప్లస్‌ల దాకా ఉంటుంది, మూడో నాలుగో ఉంటే మంచిది. యూరప్ సరుకైతే సున్నాలో యూవీఏ అని రాసుంటుంది, ట్యూబ్ మీదున్న ఎస్పీఎఫ్‌లో కనీసం మూడో వంతు యూవీఏ రక్షణ ఉందని దానర్థం.

రెండోది, పొద్దున ఎనిమిదింటికి పూసింది మధ్యాహ్నం ఒంటిగంటకి ఉండదండి. చెమటకి, చేత్తో తుడుచుకున్నప్పుడు, మాస్క్‌కి, ఫోన్‌కి, కాలర్‌కి అంటి పోతుంది. బయట ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి, చెమట బాగా పట్టినా తడిసినా టవల్‌తో తుడుచుకున్నా వెంటనే మళ్ళీ పూయాలి. చాలామంది ఇంకో లెక్క వేస్తారు, నేను పది నిమిషాల్లో కమిలిపోతాను, పది ఇంటూ యాభై, అంటే ఐదొందల నిమిషాలు ఢోకా లేదు అని. ఆ లెక్క కాగితం మీదే బాగుంటుంది, ఎనిమిదింటి ఎండా పన్నెండింటి ఎండా ఒకటి కాదు, పూత కూడా పూసినట్టు అలాగే ఉండిపోదు.

పోతే వదిలేసే చోట్లు. చెవులు, మెడ వెనక, పాపిడి, కనురెప్పలు, పాదాల పైభాగం. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ యూనివర్సిటీ వాళ్ళు యూవీ కెమెరాతో ఫోటోలు తీసి చూస్తే, జనం మొహానికి సన్‌స్క్రీన్ రాసుకున్నాం అనుకుంటూనే దాదాపు పదో వంతు వదిలేస్తున్నారు, అందులోనూ ఎక్కువ కళ్ళ చుట్టూనే. మీ మెడ నల్లబడుతోంది అన్నారు కాబట్టి రేపు పొద్దున అద్దంలో ఒకసారి చూసుకోండి, క్రీమ్ గడ్డం దగ్గరే ఆగిపోతోందేమో. అన్నట్టు మెడ ఎండ తగిలేచోటే కాకుండా మడతల్లో కూడా మందంగా, వెల్వెట్ బట్టలాగా నల్లబడితే అది ఎండ పని కాకపోవచ్చు, ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యనప్పుడు కూడా అలా వస్తుంది, అప్పుడు క్రీములు పక్కనపెట్టి షుగర్ టెస్ట్ చేయించుకోండి.

ప్రశ్న: రోజంతా ఆఫీస్‌లో కిటికీ పక్క సీటు. బయటికెళ్ళేది లేదు, పైగా మబ్బు పడితే ఎండే ఉండదు. నాకు కూడా కావాలా, లేక ఇదంతా కంపెనీల బిజినెస్సా?

జవాబు: బిజినెస్ లేదని నేను అనను బాబూ, లాప్‌టాప్ వెలుతురుకి నల్లబడతారని చెప్పి అమ్మేవి మాత్రం బిజినెస్సే, స్క్రీన్ నుంచి వచ్చేది పగటి వెలుతురుతో పోలిస్తే లెక్కలోకి రానంత తక్కువ. కానీ కిటికీ సంగతి వేరు. మామూలు గాజు యూవీబీని చాలావరకు ఆపేస్తుంది, అందుకే కిటికీ పక్కన కూర్చుంటే కమిలిపోరు, యూవీఏ మాత్రం చాలావరకు లోపలికి వచ్చేస్తుంది. కార్లో కూడా ముందు అద్దం రెండు పొరల గాజు కాబట్టి బాగానే ఆపుతుంది, పక్క అద్దాలు అన్ని కార్లలో అలా ఆపవు, ఏళ్ళ తరబడి డ్రైవింగ్ చేసేవాళ్ళకి అద్దం వైపు చెంప మీద ముడతలు ఎక్కువగా పడటం డాక్టర్లు గమనించారు. ఎండ నేరుగా మీ మీద పడుతుంటే పొద్దున ఒకసారి పూయండి, లేదంటే బ్లైండ్స్ దించేయండి, అది ఇంకా చవక. లోపలే ఉండేవాళ్ళు రెండు గంటలకోసారి పూయాలన్న రూల్ పట్టుకుని అవస్థపడక్కర్లేదు, మళ్ళీ బయటికెళ్ళే ముందు పూసుకుంటే సరిపోతుంది.

మబ్బుల్ని నమ్మకండి. పల్చటి మబ్బయితే యూవీలో 80 శాతం దాకా కిందికి దిగిపోతుంది, వేడి తెలీదు కాబట్టి మనమే మోసపోతాం. వేడికీ యూవీకీ సంబంధం పెట్టుకోకూడదు, చలికాలం కొండ మీద చల్లగా ఉన్నా యూవీ ఎక్కువే, ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగేకొద్దీ సుమారు పది శాతం పెరుగుతుంది, పైగా కొత్త మంచు దాన్ని మళ్ళీ మొహం మీదికి కొడుతుంది. ఫోన్‌లో వెదర్ యాప్‌లో యూవీ ఇండెక్స్ అని ఉంటుంది చూడండి, 3 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే జాగ్రత్త మొదలుపెట్టాలి. ఫోన్ లేకపోతే మీ నీడ చూసుకోండి, నీడ మీకంటే పొట్టిగా ఉందంటే ఎండ గట్టిదే.

ప్రశ్న: కెమికల్ సన్‌స్క్రీన్ రక్తంలోకి వెళ్తుందని, మినరల్ అయితే చర్మం మీదే అద్దంలా ఉండి ఎండని తిప్పికొడుతుందని ఒక వీడియోలో చూశాను. అప్పట్నుంచి ఉన్న ట్యూబ్ పక్కన పడేశాను. మినరల్ కొంటే మొహం బూడిద పూసినట్టు ఉంది. ఏం చెయ్యాలి మేడమ్?

జవాబు: వీడియో వాళ్ళు సగం నిజం చెప్పారు, సగం నిజంతోనే గొడవంతా. 2019లో అమెరికాలో మందుల్ని పర్యవేక్షించే ఎఫ్‌డీఏ వాళ్ళు 24 మంది ఆరోగ్యవంతులకి ఒంట్లో 75 శాతం మేర, రోజుకి నాలుగుసార్లు, నాలుగు రోజులపాటు సన్‌స్క్రీన్ పూయించి రక్తం పరీక్ష చేశారు. కెమికల్ సన్‌స్క్రీన్లలో ఉండే ఆవోబెంజోన్, ఆక్సీబెంజోన్ లాంటివి రక్తంలో కనపడ్డాయి, మిల్లీలీటర్‌కి 0.5 నానోగ్రాముల హద్దు దాటాయి. ఆ హద్దు ఏంటంటే, అది దాటితే విషం అని కాదు, అది దాటిన మందుకి ఇంకొన్ని సేఫ్టీ టెస్టులు చేసి చూపించాలి అని. వాడటం ఆపేయమని ఎఫ్‌డీఏ అప్పుడూ చెప్పలేదు. 2020లో ఇంకొన్ని రసాయనాలతో మళ్ళీ చూసినా అదే మాట.

ఇంకో పక్క ఎఫ్‌డీఏ మినరల్ సన్‌స్క్రీన్లలో ఉండే జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ రెండిటికీ మాత్రం సేఫ్టీ సమాచారం సరిపోతుందని ప్రతిపాదన పెట్టింది, మిగతా చాలావాటికి ఇంకా డేటా కావాలంది. కాబట్టి గర్భిణులు, చిన్నపిల్లలు, చర్మం ఊరికే రియాక్ట్ అయ్యేవాళ్ళు మినరల్ వాడితే నాకు సంతోషమే. కాకపోతే అది అద్దంలా తిప్పికొడుతుంది అన్నది పాత పాట, జింక్ అయినా టైటానియం అయినా యూవీని ఎక్కువ భాగం పీల్చుకునే ఆపుతాయి, తిప్పికొట్టేది కొంచెమే. నానో (మరీ సన్నటి కణాలు) అని రాసుంటే కూడా హడలిపోకండి, ఆరోగ్యంగా ఉన్న చర్మం మీద పైనున్న చచ్చిన పొర దాటి అవి లోపలికి పోవట్లేదనే పరీక్షల్లో కనపడింది. పీల్చడం మాత్రం మంచిది కాదు, పౌడర్లు స్ప్రేలు మొహం మీద కొట్టుకోవద్దనేది అందుకే.

సముద్రంలో పగడాల సంగతి అడిగినవాళ్ళకి ఒక ముక్క. హవాయిలో పగడాలకి హాని చేస్తాయని ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకం 2021 జనవరి నుంచి ఆపేశారు, పసిఫిక్ సముద్రంలోని పలావు అనే చిన్న దేశం అంతకు ఏడాది ముందే ఇంకా పెద్ద లిస్ట్ పెట్టింది. అలాంటి చోటికి వెళ్తుంటే లేబుల్ చూసుకుని వెళ్ళండి.

మీ బూడిద ప్రాబ్లమ్‌కి వద్దాం. చామనఛాయ, నలుపు ఉన్నవాళ్ళకి తెల్ల సన్‌స్క్రీన్ చేసే అన్యాయం ఇదే, బాలేదని తగ్గించి పూస్తారు, తగ్గించి పూస్తే పనిచెయ్యదు. రంగు కలిపిన టింటెడ్ మినరల్ దొరుకుతుంది, మీ రంగుకి దగ్గరది చూసుకోండి. అదీ నచ్చకపోతే మీరు పక్కన పడేసిన ట్యూబే తీసి వాడండి, డేట్ అయిపోకపోతే. రాసుకోని మినరల్ కంటే రాసుకున్న కెమికల్ ఎండని ఎక్కువ ఆపుతుంది.

ప్రశ్న: చర్మం డాక్టర్‌కి రాసే ప్రశ్న కాదేమో, సన్‌స్క్రీన్ మొదలుపెట్టాక నా తెల్ల చొక్కాల కాలర్లన్నీ తుప్పు రంగుకి తిరిగాయి. బ్లీచ్ వేస్తే ఇంకా ముదిరాయి!

జవాబు: ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న, ఎందుకంటే నా తెల్ల కోట్లు రెండు ఇలాగే పోయాయి. దోషి ఆవోబెంజోన్. నీళ్ళలో ఇనుము ఉంటే దానితో కలిసి తుప్పు రంగు తేలుతుంది, అంటే మరక చొక్కాకి క్రీమ్ అంటినప్పుడు పడదు, ఉతికినప్పుడు పుడుతుంది. క్లోరిన్ బ్లీచ్ వేస్తే ఇంకా గట్టిపడుతుంది, మీరు చూసేశారు. తుప్పు మరకలు తీసే పౌడర్ గానీ సిట్రిక్ యాసిడ్ నీళ్ళు గానీ పట్టించి కాసేపు ఉంచి ఉతకండి, ముందు మూల చిన్న ముక్క మీద ట్రై చేసి. కొత్త మరకైతే ముందు లిక్విడ్ సోప్‌తో జిడ్డు వదిలించి తర్వాత నీళ్ళలో వెయ్యాలి. ఇకమీద పూసుకున్న పావుగంట తర్వాత చొక్కా తొడుక్కోండి, ఎలాగూ బయటికెళ్ళే పావుగంట ముందే పూయాలి కదా. లేదా మెడకి మాత్రం జింక్‌ది వాడండి.

ప్రశ్న: మా పాపకి నాలుగో నెల, బాబుకి మూడేళ్ళు. ఇద్దరికీ నాదే పూయొచ్చా?

జవాబు: పాపకి వద్దమ్మా. ఆరు నెలల్లోపు పిల్లలకి మామూలుగా సన్‌స్క్రీన్ పూయం, వాళ్ళ చర్మం పల్చన, బరువుతో పోలిస్తే ఒంటి వైశాల్యం ఎక్కువ. నీడ, పల్చటి ఫుల్ చేతుల బట్టలు, అంచున్న టోపీ, అంతే వాళ్ళకి. బాబుకి మినరల్‌ది, వాసన లేనిది, 30 కి తగ్గకుండా పూయండి, చేతులకి పూసేటప్పుడు మాత్రం అరచేతులు వదిలేయండి, నోట్లో కళ్ళలో పెట్టేసుకుంటారు. నీళ్ళలో ఆడతాడంటే వాటర్ రెసిస్టెంట్ తీసుకోండి, 40 నిమిషాలు లేదా 80 నిమిషాలు అని రాసుంటుంది, ఆ టైమ్ అవ్వగానే బయటికి తీసి తుడిచి మళ్ళీ పూయాలి. వాటర్‌ప్రూఫ్ అనేదే లేదు, ఆ మాట రాయకూడదని అమెరికాలో 2011లోనే రూల్ పెట్టారు. స్ప్రేలు పిల్లలకి వద్దు, గాల్లో కొట్టేది సగం ముక్కులోకి పోతుంది, ఇంకో సగం గాలికి పోతుంది. పెద్దవాళ్ళు వాడినా చేతిలో కొట్టుకుని రుద్దుకోండి, మంట దగ్గర అస్సలొద్దు, అంటుకుంటుంది.

ప్రశ్న: రెండో డెలివరీ తర్వాత మంగు మచ్చలు వచ్చాయి. క్రీమ్‌తో తగ్గుతాయి, ఎండాకాలం రాగానే మళ్ళీ మొదలు. సన్‌స్క్రీన్ మానకుండా వాడుతున్నా కూడా.

జవాబు: మంగుకి యూవీ ఒక్కటే శత్రువు కాదు, కంటికి కనపడే మామూలు వెలుతురు కూడా దాన్ని రెచ్చగొడుతుంది, ముఖ్యంగా చామనఛాయ కంటే ముదురు రంగు ఉన్నవాళ్ళలో. మామూలు తెల్ల సన్‌స్క్రీన్‌లు ఎంత పెద్ద నంబర్‌వైనా ఆ వెలుతుర్ని పెద్దగా ఆపలేవు. ఐరన్ ఆక్సైడ్ కలిసిన టింటెడ్ సన్‌స్క్రీన్‌లు ఆపుతాయి, ఆ చర్మం రంగు వచ్చేదే ఐరన్ ఆక్సైడ్ వల్ల. లేబుల్ వెనక పదార్థాల్లో ఆ పేరు ఉందో లేదో చూసి కొనండి. వెడల్పు అంచు టోపీ కూడా పెట్టుకోండి, గొడుగైనా సరే. వేడి కూడా కొందరికి ముదరబెడుతుంది, స్టవ్ ముందు ఎక్కువసేపు ఉండేవాళ్ళు గమనించుకోండి. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే మీ డాక్టర్‌కి చెప్పండి, వాటికీ దీనికీ లింక్ ఉంది. మచ్చల క్రీమ్ ఏది వాడుతున్నారో రాయలేదు, స్టెరాయిడ్ కలిపింది నెలల తరబడి సొంతంగా పూస్తుంటే ఇవాళే చర్మం డాక్టర్‌కి చూపించుకోండి, దాని గురించి విడిగా ఒక సంచిక రాయాలి అసలు.

ప్రశ్న: నాకు 19. మొటిమలకి డాక్సీసైక్లిన్, రాత్రి అడాపలీన్ జెల్ ఇచ్చారు. సన్‌స్క్రీన్ రాస్తే ఇంకా మొటిమలొస్తాయని మానేశా, ఫ్రెండ్స్ కూడా మేకప్పా అని ఏడిపిస్తున్నారు. మధ్యాహ్నం క్రికెట్ ప్రాక్టీస్ ఉంటుంది.

జవాబు: తమ్ముడూ, అందరికంటే ఎక్కువ అవసరం నీకే. డాక్సీసైక్లిన్ వాడేటప్పుడు చర్మం ఎండకి తేలిగ్గా కాలుతుంది, ఒక్కోసారి గోళ్ళ కింద కూడా నొప్పొస్తుంది. అడాపలీన్ చర్మాన్ని పొడిబార్చి ఎండకి చిర్రుమనేలా చేస్తుంది. జెల్ లేదా పల్చటి ఫ్లూయిడ్ రకం తీసుకో, నాన్ కమెడోజెనిక్ (చర్మ రంధ్రాలు మూసెయ్యనిది) అని రాసున్నది, మందపాటి క్రీమ్ వద్దు. మాయిశ్చరైజర్ ముందు, సన్‌స్క్రీన్ తర్వాత, రెండూ అరచేతిలో కలిపేసి రాయకు, కలిపితే పల్చబడిపోయి చారలు చారలుగా ఉంటుంది. 30 ది, 20 ది కలిపితే 50 కూడా అవ్వదు. ప్రాక్టీస్ మధ్యలో చెమట అద్ది తుడిచి, ఆ తర్వాతే పూయి, చెమట మీద పూస్తే జారి కళ్ళలోకి పోతుంది. కళ్ళు మండేవాళ్ళు నుదుటికి, కళ్ళ చుట్టూ జింక్ స్టిక్ వాడితే అంతగా కారదు. రాత్రి ఫేస్‌వాష్‌తో శుభ్రంగా కడిగేయి, చాలాసార్లు మొటిమలు తెచ్చేది పూయడం కాదు, కడక్కుండా పడుకోవడం. వీలైతే ప్రాక్టీస్ సాయంత్రానికి మార్చమని కోచ్‌ని అడుగు. ఇక మేకప్పా అన్న ఫ్రెండ్స్‌కి టీవీలో క్రికెటర్ల పెదాల మీద, ముక్కు మీద ఆ తెల్లటి పూత ఏంటో అడుగు, అది జింకే.

చిన్న చిన్నవి ఒకేచోట చెప్పేస్తా. కార్లో, కిటికీలో పెట్టి వేడికి విడిపోయి నీళ్ళలా కారుతున్న ట్యూబ్, వాసన మారినది పడేయండి, డేట్ ఉన్నా సరే. మూత తీసిన డబ్బా బొమ్మలో 12ఎం అని ఉంటే తెరిచాక 12 నెలలు అని. ఫౌండేషన్‌లో ఎస్పీఎఫ్ ఉంది చాలదా అంటే చాలదు, ఆ నంబర్ రావాలంటే ఎంత మందాన పూయాలో పైన చెప్పాను, అంత ఫౌండేషన్ ఎవరూ వెయ్యరు. ఇంట్లో నూనెలో జింక్ పౌడర్ కలిపి చేసుకోవచ్చా అని అడిగారు, వద్దు, పౌడర్ ఉండలు కట్టి ఒకచోట ఉంటుంది ఒకచోట ఉండదు, పైకి తెల్లగానే కనపడుతుంది కాబట్టి తెలీదు కూడా. దోమల మందు కూడా పూసేవాళ్ళు ముందు సన్‌స్క్రీన్, అది ఆరాక దోమల మందు. విటమిన్ డి పడిపోతుందా అంటే, జనం మామూలుగా పూసే తీరుకి పెద్దగా పడిపోదు, అసలు ఎండే తగలనివాళ్ళు, నిండా కప్పుకునేవాళ్ళు అనుమానముంటే రక్తపరీక్ష చేయించుకుని మాత్రలు వాడొచ్చు, దానికోసం మొహం కాల్చుకోనక్కర్లేదు. కొత్త ట్యూబ్ కొన్నప్పుడల్లా మోచేతి లోపలివైపు చిన్న బిళ్ళంత మేర వారం రోజులు పూసి చూడండి. మోకాళ్ళ నొప్పికి కీటోప్రోఫెన్ జెల్ వాడి ఎండ తగిలి దద్దుర్లు వచ్చినవాళ్ళు ఆక్టోక్రిలీన్ అనే రసాయనం లేని సన్‌స్క్రీన్ వెతుక్కోండి, వాళ్ళకి అది కూడా పడకపోవచ్చు.

ప్రశ్న: డాక్టరమ్మా, నాకు 66 ఏళ్ళు. నలభై ఏళ్ళు ఎండలోనే ఉద్యోగం, రోడ్ల పని సూపర్‌వైజర్‌గా చేశాను, ఏనాడూ ఏమీ పూయలేదు. ఇప్పుడు మనవరాలు బలవంతంగా పూస్తోంది. ఈ వయసులో లాభమా? బీపీకి హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వేసుకుంటాను. ఎడమ చెవి అంచు మీద చిన్న పొక్కు ఉంది, మూడు నెలలుగా చెక్కు కట్టడం, రాలడం, రక్తం రావడం. దాని మీద కూడా పూయొచ్చా?

జవాబు: బాబాయ్ గారూ, లాభమే. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌లోని నాంబర్ అనే ఊళ్ళో 1992 నుంచి 1996 దాకా 1,621 మంది పెద్దవాళ్ళ మీద పరీక్ష చేశారు, సగం మందిని రోజూ సన్‌స్క్రీన్ పూయమన్నారు, మిగతా సగాన్ని వాళ్ళిష్టానికి వదిలేశారు. రోజూ పూసినవాళ్ళలో స్క్వేమస్ సెల్ రకం చర్మ క్యాన్సర్లు దాదాపు 40 శాతం తగ్గాయి. అక్కడి జనం ఎక్కువగా తెల్లవాళ్ళు, ముదురు రంగు చర్మంలో ఈ క్యాన్సర్లు బాగా తక్కువ, నిజమే, కానీ తక్కువ అంటే లేనట్టు కాదు. ఇంకోటి, మీ బీపీ మాత్రలో ఉన్న హైడ్రోక్లోరోథయజైడ్ చర్మాన్ని ఎండకి సున్నితం చేస్తుంది, చాలా ఏళ్ళు వాడినవాళ్ళలో ఈ రకం క్యాన్సర్లు కాస్త ఎక్కువగా కనపడ్డాయి కూడా. అలాగని మాత్ర మీరే ఆపేయకండి, రాసిచ్చిన డాక్టర్‌ని అడగండి, వేరేవి చాలా ఉన్నాయి.

ఆ చెవి పొక్కు మీద మాత్రం ఏమీ పూయొద్దు. నాలుగు వారాలు దాటినా మానకుండా చెక్కు కట్టి రక్తం కారేది ఏదైనా సరే చర్మం డాక్టర్ లెన్స్ పెట్టి చూడాల్సిందే, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు, మత్తు ఇంజక్షన్ పెట్టి చేస్తారు కాబట్టి పెద్ద నొప్పేం ఉండదు. మామూలు పొక్కే అవ్వొచ్చు, కాకపోనూవచ్చు, ఉత్తరం చదివి నేను చెప్పలేను. మూడు నెలలు అయిపోయాయి, ఈ వారంలోనే వెళ్ళండి, మనవరాల్ని కూడా వెంటబెట్టుకుని వెళ్ళండి.